కొక్కెర తెగులు టీకాకు ఊరికో రోజు కేటాయించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు పేపర్లు, టీవీలు అన్నీ కోళ్ల వార్తలే. రోగం వచ్చిన చోటి నుంచి కిలోమీటరు దాకా ఆంక్షలు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. అది చేయాల్సిన పనే, తప్పు పట్టడం లేదు. కానీ మా పెరటి కోళ్లను దాదాపు ఏటా ఊడ్చిపెట్టే రోగం ఇంకొకటుంది. అదే కొక్కెర తెగులు. డాక్టర్లు రాణిఖేత్ వ్యాధి అంటారు. దాని గురించి ఒక్క ముక్క కూడా పేపర్లో రాదు. ఒక్కో ఇంట్లో చచ్చేవి పదో పదిహేనో కాబట్టి ఎవరి లెక్కలోకీ ఎక్కవు.

ఆ పదీ పదిహేనూ ఎవరివో చెప్పాలి. మా ఊళ్లో నాటుకోళ్లు దాదాపు అన్నీ ఆడవాళ్లవే. పొలం మగవాడి పేరున ఉంటుంది, పాల డబ్బులు అప్పు కిందకు జమవుతాయి. పెట్ట మీద వచ్చిన డబ్బు మాత్రం ఆడమనిషి చేతిలో ఉంటుంది. పిల్లాడి నోటు పుస్తకాలకో, గ్యాస్ బండకో, సంఘంలో నెల కిస్తీ తక్కువైతేనో ఒక పుంజును అమ్ముకుంటాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31 కోట్ల పైచిలుకు. అంతకు ముందు లెక్కల మీద దాదాపు 46 శాతం పెరిగాయి. వనరాజా, గ్రామప్రియ లాంటి జాతుల పిల్లలను పెంచుకోమని ప్రభుత్వమూ ప్రోత్సహిస్తోంది. పిల్లలను ఇవ్వడం బాగానే ఉంది. వాటిని బతికించే ఏర్పాటు కూడా దాని వెనకే రావాలి.

తెగులు తగిలిన ఇల్లు చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున మేసిన పెట్ట సాయంత్రానికి రెక్కలు వాల్చి, గోడ వార కళ్లు మూసుకుని కునుకుతూ కూచుంటుంది. మెడ సాచి, నోరు తెరిచి గురగురమని ఊపిరి తీస్తుంది. ఆకుపచ్చగానో తెల్లగానో నీళ్లలా పారుతుంది. మూడు నాలుగు రోజుల్లో గంప ఖాళీ. ఎక్కడైనా ఒకటి అరా బతికినా కొన్నింటికి మెడ మెలి తిరిగిపోతుంది. నూకలు వేస్తే ముక్కుతో పొడుస్తుంది గానీ ఆ పోటు గింజ మీద పడదు, పక్కన మట్టి మీద పడుతుంది. అలా తినలేక తినలేక ఎండిపోయిన పెట్టలను చూశాను. చేత్తో ముద్దలు పెట్టి బతికించుకున్నవాళ్లనూ చూశాను.

ఇది వైరస్ వల్ల వచ్చే రోగం. వచ్చాక మందు లేదు. ఈ మాట ఊళ్లోకి సరిగ్గా చేరలేదు. మందుల షాపులో మనుషులకిచ్చే యాంటీబయాటిక్ బిళ్ల కొని, నీళ్లలో కలిపి నోట్లో పోస్తున్నారు. వెల్లుల్లి, పసుపు, కొన్ని చోట్ల సారా కూడా పోస్తారు. యాంటీబయాటిక్ ఈ వైరస్‌ను ఏమీ చేయలేదు, ఆ డబ్బు దండగ. రోగం తగిలాక చేతిలో ఉన్నది ఒకటే, మిగతా వాటికి అంటకుండా చూడటం.

అక్కడే మనం చేసే పెద్ద పొరపాటు ఉంది. ఒక కోడి కునికితే చాలు, మిగతావి పోకముందే సంతకు పట్టుకుపోయి వచ్చిన రేటుకు అమ్మేస్తున్నారు. అవసరం అలాంటిది, వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. కానీ పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్న ఆ కోడి ఒంట్లో అప్పటికే వైరస్ ఉండొచ్చు. లోపల పడ్డాక బయటపడటానికి మామూలుగా అయిదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది. ఈలోగా రెట్టలోంచి, చొంగలోంచి, అది తాగిన నీళ్ల లోంచి తెగులు నాలుగు ఊళ్లకు పాకుతుంది. చచ్చినవాటిని చెరువు గట్టున, కాలవలో పారేస్తే కుక్కలు, కాకులు ఇంకో వీధికి మోసుకుపోతాయి. సంక్రాంతి ముందు పుంజులు చేతులు మారి ఊళ్లు దాటుతాయి కాబట్టి పండగ తర్వాత తెగులు ఎక్కువగా చూస్తుంటాం.

మరి దీనికి టీకా లేదా అంటే, ఎప్పుడో ఉంది. మన దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించింది 1927-28 ప్రాంతంలో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో. ఆ పేరే నిలిచింది. ఇప్పటికీ పెద్ద కోళ్లకు రెక్క కింద వేసే ఆర్ టు బి టీకాకు మూలమైన వైరస్‌ను 1940లలో అదే కొండల్లోని ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో తయారుచేశారు. వారం పిల్లలకు కంట్లోనో ముక్కులోనో వేసే లసోటా చుక్కలున్నాయి. ఫారాల వాళ్లు రోజుల లెక్కన తప్పకుండా వేయిస్తారు. ఒక్కో కోడికి పడే ఖర్చు ఒక గుడ్డు ధర కంటే ఎంతో తక్కువ. ఇంత చౌక టీకా ఇన్నేళ్లుగా ఉండి కూడా మా గంపల దగ్గరకు రాలేకపోతోంది.

ఎందుకు రాలేదో దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి చెబుతాను. సీసాలో వంద డోసులో, అంతకన్నా ఎక్కువో ఉంటాయి. నా దగ్గరున్నవి పది పన్నెండు కోళ్లు. ఒకసారి మందు కలిపితే రెండు గంటల్లోపు వాడెయ్యాలి, మిగిలింది పనికిరాదు. దాన్ని ఐస్‌లో పెట్టుకుని తేవాలి. మండల కేంద్రం నుంచి ఆటోలో, ఎండలో చేతి సంచిలో తెచ్చిన టీకా ఊరు చేరేసరికి పనిచేయకుండా పోయి ఉండొచ్చు. అది కంటికి కనపడదు. వేయించామనే ధీమాతో ఉంటాం, తర్వాత కోళ్లు చస్తే టీకా మీదే నమ్మకం పోతుంది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి టైము. రాత్రి గంప కింద మూసిన కోళ్లను తెల్లారి ఆరు గంటలకల్లా వదిలేస్తాం. సిబ్బంది టీకా పెట్టె పట్టుకుని పదింటికి వస్తారు. అప్పటికి కోళ్లు గడ్డివాముల వెనక, పక్కవాళ్ల దొడ్లో, రోడ్డవతల ఉంటాయి. నలుగురు పిల్లలు పరిగెత్తినా నాలుగు కోళ్లు చేతికి చిక్కవు. ఊళ్లో పదో వంతుకు టీకా పడుతుంది, పని అయిపోయినట్టు రాసుకుని వెళ్లిపోతారు. ఒక్క మనిషికి నాలుగైదు ఊళ్ల గేదెలు, మేకలు కూడా చూసే పని పెడితే ఇంతకన్నా ఏం చేస్తారు, వాళ్లనూ అనలేం.

అందుకే నేను అడిగేది ఒకటే. ఊరికో టీకా రోజు పెట్టండి. పోలియో చుక్కల ఆదివారం అందరికీ తెలిసినట్టు, ఈ తేదీన మన ఊళ్లో కోళ్లకు టీకా అని వారం ముందే సచివాలయం బోర్డు మీద రాయాలి, మైకులో చెప్పాలి, సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి. ఆ రోజు ఎవరూ కోళ్లను వదలకూడదు. తెల్లారి అయిదున్నరకు మొదలుపెడితే రెండు గంటల్లో వీధి పూర్తవుతుంది. కోళ్లన్నీ ఒక్కసారే దొరుకుతాయి కాబట్టి వంద డోసుల సీసా వృథా పోదు.

దీనికి చేతులు కావాలి. డ్వాక్రా సంఘాల్లోంచి వీధికి ఇద్దరికి శిక్షణ ఇవ్వండి. చాలా చోట్ల పశు సఖులు, అంటే పశువుల సంరక్షణలో శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లు, ఇప్పటికే ఉన్నారు. చుక్క వేయడం కష్టమైన పని కాదు. అయినా చూసి నేర్చుకోవాల్సిన మెలకువలున్నాయి. కంట్లో చుక్క పడగానే కోడిని వదిలేస్తే అది తల విదిలించి కింద పోసేస్తుంది. కన్ను ఆర్పి, చుక్క లోపలికి పోయేదాకా పట్టుకోవాలి. ఆర్ టు బి సూది చిన్న పిల్లలకు వేయకూడదు, ఎనిమిది వారాలు దాటాలి. గుడ్లు పెట్టే పెట్టలకు వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గొచ్చని ముందే చెప్పాలి. నీరసంగా ఉన్నవాటికి వేయకూడదు. అప్పటికే వైరస్ ఒంట్లో ఉన్న కోడిని టీకా ఆపలేదు. అది మూడో రోజున చస్తే "సూది వేసి చంపేశారు" అనే మాట ఊరంతా పాకుతుంది. తెగులు ఊళ్లోకి వచ్చాక హడావుడిగా వేయడం కంటే రాకముందే వేయాలనడానికి ఇదీ ఒక కారణం.

ఇది జరగని పని కాదు. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా లాంటి పేద దేశాల పల్లెల్లో ఐ-2 అనే టీకాను ఊరివాళ్లే, ఆడవాళ్లు కూడా, నాలుగేసి నెలలకోసారి కంట్లో చుక్కగా వేస్తున్నారు. ఆస్ట్రేలియాలో తయారైన ఆ టీకా వేడిని కొంత తట్టుకుంటుంది. మన పక్కనే తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం నాటుకోళ్ల కోసం మేతలా తినిపించే గుళికల టీకాను తయారుచేసింది. కోడిని పట్టుకునే పని కూడా లేదు. ఇలాంటివి మన దగ్గర ఎందుకు వాడకూడదో పశుసంవర్ధక శాఖ ఆలోచించాలి.

టీకా రోజు వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి మనం చేయాలి. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు విడిగా కట్టేసి ఉంచాలి. కునికే కోడిని వెంటనే వేరు చేసి, దాని నీళ్ల గిన్నె మిగతావాటి దగ్గర పెట్టకూడదు. ముందు బాగున్నవాటికి మేత వేసి, తర్వాతే జబ్బు దాని దగ్గరకు వెళ్లాలి. చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఇంకో ముఖ్యమైన విషయం. కొక్కెర, బర్డ్ ఫ్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి, పరీక్ష చేస్తేనే తేడా తెలుస్తుంది. కొక్కెరతో మనుషులకు మహా అయితే కళ్లు ఎర్రబడతాయి, బర్డ్ ఫ్లూ అలా కాదు. అందుకని ఒక్కసారే నాలుగైదు చస్తే కోసుకుని కూర వండుకోకుండా, ఒట్టి చేతులతో ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు కబురు చేయాలి. మేం కబురు చేయాలంటే అటు నుంచి మనిషి రావాలి కూడా. బర్డ్ ఫ్లూలో ప్రభుత్వం చంపించిన కోళ్లకు పరిహారం ఉంది. కొక్కెరతో పోయిన కోళ్లకు మా ఊళ్లో ఎవరికీ రూపాయి రాలేదు. దాచిపెట్టి సంతలో అమ్ముకోవడానికి అదీ ఒక కారణమని అధికారులు గుర్తించాలి.

డిసెంబరు మొదటి పక్షంలో, అంటే సంక్రాంతికి పుంజులు కదలకముందే ఒకసారి, మళ్లీ ఎండలు ముదిరే లోపు పిల్లలకు ఒకసారి టీకా రోజులు ప్రకటించమని జిల్లా పశుసంవర్ధక అధికారులను కోరుతున్నాను. మీరు జిల్లా పేజీలో మండలాల వారీగా ఆ తేదీలు వేస్తే, పేపరు చూసినవాళ్లు ముందు రోజు రాత్రి గంపలు మూసి ఉంచుతారు.

ఇట్లు,
ఒక డ్వాక్రా సంఘ సభ్యురాలు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా