సముద్రానికి చేరే కృష్ణ నీళ్లకూ పని ఉంది

సంపాదకులకు,

సాగర్ గేట్లు ఎత్తిన ప్రతిసారీ ఇన్ని టీఎంసీలు సముద్రం పాలయ్యాయని నల్లగొండలో లెక్క కడతాం. కాలువ చివరి భూములకు నీరందని జిల్లాలో ఆ బాధ న్యాయమైనదే. కానీ ఆ నీటి మీద బతికే, కృష్ణ సముద్రంలో కలిసే చోటి హంసలదీవి, నాగాయలంక మడ అడవులు మన లెక్కలోకి రావడం లేదు.

మడ అడవి గాలి నుంచి తీసి దాచుకునే కర్బనంలో ఎక్కువ భాగం కింది బురదలోనే ఉంటుంది. ఆటుపోట్లకు తడిసి ఉండే ఆ బురదలోకి గాలి చొరదు కాబట్టి రాలిన ఆకు, చచ్చిన వేరు పూర్తిగా కుళ్లవు. పైన కొత్త ఒండ్రు పేరుకుంటూ ఉంటే వందల ఏళ్లు అలాగే ఉంటాయి. ఆ ఒండ్రు తేవాల్సింది నది. సాగర్ సామర్థ్యం 408 టీఎంసీల నుంచి 312కు, శ్రీశైలం 308 నుంచి 215కు పడిపోయాయి. ఆ తగ్గిందంతా పూడికే, అంటే కిందికి చేరకుండా జలాశయాల్లోనే ఆగిపోయిన ఒండ్రే. మంచినీరు కూడా తగ్గితే ఉప్పు పెరిగి, ఓర్చుకోగల తెల్లమడ ఒక్కటే గిడసబారి మిగులుతుంది.

2023లో కేంద్రం మొదలుపెట్టిన మిష్టి పథకం మడ అడవుల పెంపకానికే. సంతోషం. అయితే నాటిన మొక్కలు లెక్కపెట్టి కర్బనం ఇంత అని రాసేస్తే అది కాగితం లెక్కే. బురదను తీసి చూడాలి. మట్టి నమూనా తీసే, ఒక పక్క తెరిచి ఉన్న ఆగర్ అనే గొట్టాన్ని కనీసం మీటరు లోతుకు దించాలి. పీవీసీ పైపును దిగ్గొడితే మట్టి నొక్కుకుపోయి సాంద్రత తప్పుగా వస్తుంది. నమూనాను 60 డిగ్రీల వద్ద బరువు నిలకడపడేదాకా ఆరబెట్టాలి. గవ్వల సున్నంలోని కర్బనాన్ని ఆమ్లంతో తీసేయాలి, లేదంటే లెక్క ఉబ్బుతుంది. ఘనపు మీటరుకు 800 కిలోల పొడిమట్టి, అందులో 1.5 శాతం కర్బనం ఉందనుకుందాం. హెక్టారులో మీటరు లోతుకు 120 టన్నులు. కర్బనం బరువును కార్బన్ డయాక్సైడ్ బరువుగా మార్చడానికి 3.67తో హెచ్చిస్తే 440 టన్నులు. అక్కడే రొయ్యల చెరువు తవ్వి ఆ బురదను గట్టుకు పోస్తే, గాలి తగిలి కర్బనం మళ్లీ వాతావరణంలోకే పోతుంది.

నాటడంలోనూ చోటు చూడాలి. ఎప్పుడూ నీట మునిగే దిబ్బల మీద నాటిన మొక్క నిలవదు. ఉప్పు పేరుకున్న మెరకలో ముందు చేపముల్లు ఆకారంలో కాలువలు తీసి, పోటు నీరు వచ్చిపోయేలా చేశాకే నాటాలి. మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయో లెక్కపెట్టి అప్పుడు బిల్లు చెల్లించాలి.

రైతు నీళ్లు తగ్గించమని అడగడం లేదు. రెండు రాష్ట్రాలు కృష్ణ వాటాలు మాట్లాడుకునేటప్పుడు, ప్రకాశం బ్యారేజీ దిగువకు ఎండాకాలంలో కనీస ప్రవాహాన్ని కూడా ఒక పద్దుగా రాయాలి. వరద రోజుల్లో సాగర్ కింద ఉన్న టెయిల్‌పాండ్ జలాశయం దిగువన, వాడపల్లిలో మూసీ కలవకముందే, లీటరు నీటిలో ఎన్ని గ్రాముల ఒండ్రు పోతోందో వారానికోసారి కొలవాలి. ఆ అంకెను అవుట్‌ఫ్లో పక్కనే మీ పత్రిక అచ్చువేయాలని కోరుతున్నాం.

– కొందరు పాఠకులు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా