రైఫిల్ విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఎఫ్-క్లాస్ (రైఫిల్‌ని ఆధారం మీద ఆనించి దూరపు గురి కొట్టే పోటీ) సాధన ఈ ఏడాదీ ఆగకుండా సాగింది. సామాను మోయడానికి ట్రక్కు ఇచ్చిన పెద్దన్నకి, ఎండలో పిట్‌లో (టార్గెట్ల కింది గుంతలో) నిలబడి టార్గెట్లకు స్టిక్కర్లు అతికించిన కుర్రాళ్లకి, పొద్దున్నే పులిహోర, ఫ్లాస్కుల్లో టీ పంపిన ఇళ్లకి, కొత్తవాళ్లకి ఓపిగ్గా నేర్పిన సీనియర్లకి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది స్కోపుల (రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణుల) పరీక్ష. గురి తప్పినప్పుడల్లా గాలినీ, గుండునీ, బ్యారెల్‌నీ తిట్టుకుంటాం. టరెట్ (గురి సవరించడానికి స్కోపు మీద తిప్పే మర) క్లిక్కుమంది కదా, లోపల కూడా కదిలే ఉంటుందని నమ్మేస్తాం. నిజానికి టరెట్ స్క్రూ ఎరెక్టర్ ట్యూబ్‌ని (స్కోపు లోపల గురిని జరిపే గొట్టాన్ని) ఒకవైపు నుంచి తోస్తుంది, ఎదురుగా ఉన్న స్ప్రింగు దాన్ని స్క్రూకి ఆనించి ఉంచుతుంది. స్ప్రింగు నీరసించినా, ట్యూబు ఎక్కడైనా పట్టేసినా క్లిక్కు వినిపిస్తూనే ఉంటుంది. కదలాల్సింది మాత్రం తర్వాతి గుండు రికాయిల్‌కి (వెనక్కి తన్నే కుదుపుకి) కదులుతుంది. 1000 గజాల దగ్గర పావు ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్కంటే సుమారు 2.6 అంగుళాలు. అక్కడ టార్గెట్ నడిమధ్య ఉండే ఎక్స్ రింగు వెడల్పే 5 అంగుళాలు.

100 గజాల దగ్గర ఎత్తైన అట్ట నిలబెట్టి, దారానికి బరువు కట్టి నిలువు గీత గీశాం. 30 ఎంఓఏ తిప్పితే గుండు 31.4 అంగుళాలు పైకి పోవాలి. ఒక సభ్యుడి ఖరీదైన స్కోపు అక్కడిదాకా రాలేదు, ఆయన పాత చవక స్కోపు ఠంచనుగా వెళ్లింది. ఆ తర్వాత, వెల్డింగ్ తెలిసిన మన సభ్యుడు చేసిచ్చిన ఇనుప దిమ్మ మీద రెండేసి స్కోపులు పక్కపక్కన బిగించాం. ఒకటి ముట్టుకోకుండా, రెండోదాని టరెట్ తిప్పి చూడటం. ఒకదాంట్లో క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డగీతలు) ఉలకలేదు, పలకలేదు. దిమ్మని రబ్బరు సుత్తితో తడితే అప్పుడు జరిగింది! చుట్టూ ఉన్నవాళ్లు ఆ రోజంతా దాని గురించే మాట్లాడుకున్నారు. ఆ స్కోపుని తయారీదారుకి పంపితే "లోపం లేదు" అని చీటీ పెట్టి తిప్పి పంపారు. వాళ్లు సుత్తితో తట్టి చూశారో లేదో మరి.

టరెట్‌ని కావలసిన అంకె కాస్త దాటించి వెనక్కి తెచ్చి ఆపడం అలవాటు చేసుకోండి. కొంతవరకు పనికొస్తుంది గానీ, స్ప్రింగే పోతే ఏ అలవాటూ కాపాడదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆడిటర్ గారు చూశారు. చందా బాకీ ఉన్నవారికి ఆ సంగతి తెలుసు.

పరీక్ష రోజు వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. అట్టలు మోసింది ఎప్పటిలాగే ఆ నలుగురే. రేంజి అధికారులు తేదీ ఖాయం చేసేసరికి వారం ముందుదాకా టెన్షనే. వచ్చే పరీక్షకి స్కోపు తెచ్చేవాళ్లు మౌంటు రింగులూ, టార్క్ రెంచీ తెచ్చుకోండి. కార్యదర్శి పదవికి ఇంతవరకు ఒక్క నామినేషనూ రాలేదు. ఫారాలు నా దగ్గర చాలానే ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి