నాట్య సమీక్షలో నాట్యం ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో కాకతీయుల కాలపు వీర నాట్యం పేరిణి ప్రదర్శన జరిగిన మర్నాడు పేపర్లు చూస్తే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అతిథుల పేర్లు పోగా నాట్యానికి మిగిలేది ఒక్క మాట: 'అలరించింది'. రామప్ప గుడి శిల్పాలు, కాకతీయుల సేనాని జాయప రాసిన నాట్య శాస్త్రం ఆధారంగా నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు తిరిగి నిలబెట్టిన నాట్యానికి ఇది అన్యాయం.

సమీక్ష రాసేవారు ముందు వరుస సోఫాలో కూర్చోవద్దు. వేదిక ఎత్తుగా ఉంటే అక్కడికి పాదాలు కనబడవు. పేరిణికి పాదాలే ప్రాణం. ఐదారు వరుసల వెనక, మధ్యలో కూర్చుంటే అడుగు ఎక్కడ పడిందో, బృందం వరుస ఎక్కడ వంకరపోయిందో తెలుస్తుంది. లయ వేగం పెరిగాక మోకాళ్లు వంచిన భంగిమ అలాగే నిలిచిందా, అలసి పైకి లేచిందా? గజ్జెల చప్పుడు మృదంగం దెబ్బ మీద పడిందా, వెనకబడిందా? వాద్యాలు వేదిక మీద ఉన్నాయా, రికార్డింగా అన్నది తప్పక రాయాలి. మృదంగం వాయించే మనిషి నర్తకుడి అడుగు చూసి సర్దుకుంటాడు, రికార్డింగు ఆగదు. ఎర్ర లైటు ముంచెత్తితే ముఖంలో భావం కనబడదు. ఆ తప్పు లైటింగు వాళ్లది, నర్తకుడిది కాదు.

ఒగ్గుకథకు కొలత వేరు. డోలు మోతలో కథకుడి మాట చివరి వరుసకు వినబడిందా, వంత పాడేవాళ్లు సమయానికి అందుకున్నారా అన్నవే అక్కడ ముఖ్యం.

ప్రసంగాలకు ఇచ్చే చోటులో సగం ఇవ్వండి, ఇదంతా పడుతుంది. పిల్లల అరంగేట్రమైతే మాత్రం లోపాలు ఏరవద్దు, దిద్దుకోదగ్గది ఒక్కటి చెప్తే చాలు.

– ఒక పాఠకుడు, హనుమకొండ