విషయం: పాత ఇత్తడి అని చెప్పి అమ్మిన బుల్లి వంటసామాను

ఫిర్యాదుల అధికారి గారికి,

"60 ఏళ్ల నాటి ఇత్తడి ఆటసామాను, 9 వస్తువులు" అని మీ సైట్‌లో పెట్టిన సెట్టును రూ. 3,450 కట్టి తెప్పించుకున్నాం. అందులో కత్తిపీట, గరిటె మాత్రమే నిజంగా పాతవి. బొమ్మల కొలువులో పెట్టుకోవడానికైతే ఏదైనా సరిపోతుంది. సేకరణకు కొనేవాళ్లు డబ్బు కట్టేది పాతదనానికే.

చెంబు పొట్టకు అయస్కాంతం అతుక్కుంటోంది. కత్తిపీట కత్తికి అతుక్కుంటే తప్పులేదు, అది ఇనుమే. చెంబుకు అతుక్కుందంటే లోపల ఇనపరేకు, పైన ఇత్తడి పూత.

రోలు ఇంకా గడుసుది. అయస్కాంతం అంటదు, చేతికి బరువుగానే ఉంటుంది. తూకం 84 గ్రాములు. గ్లాసుడు నీళ్లు కాటా మీద పెట్టి, సున్నా చేసి, రోలును దారంతో వేలాడదీసి అడుగు తగలకుండా పూర్తిగా ముంచితే 12.6 గ్రాములు చూపింది. గుంటలో గాలిబుడగ నిలిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి మూడుసార్లు ముంచాం. ఆ 12.6 రోలు పక్కకు నెట్టిన నీటి బరువు. 84ను 12.6తో భాగిస్తే సుమారు 6.7, అంటే నీటికన్నా అన్ని రెట్లు బరువు. ఇత్తడికి 8.4 నుంచి 8.7 దాకా రావాలి. ఇది జింకు ఎక్కువున్న పోత. పైగా రోకలి రోటి గుంటలో దిగదు. రోకటిపోటుకు వెరవాల్సిన పనే లేని రోలన్నమాట!

నలుపు కూడా పూసిందే. రంగును కరిగించే ఎసిటోన్ అద్దిన దూదితో తుడిస్తే దూది నల్లబడింది; ఏళ్ల తరబడి పట్టిన చిలుము అలా ఊడిరాదు. పిల్లలు ఆడిన చెంబుకు అడుగు అంచు, మూతి అరిగి మెరుస్తాయి, మెడ సందులో నలుపు మిగులుతుంది. మీరు పంపినదానికి అన్నిచోట్లా ఒకే నలుపు, అంచున ఆకురాయి గీతలు ఇంకా పదునుగానే ఉన్నాయి.

"పాత వస్తువులకు రిటర్న్ లేదు" అని మీ అమ్మకందారు జవాబిచ్చారు. వర్ణనకు సరిపోని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోగా పరిష్కరించాలని కూడా అందులోనే ఉంది.

పూర్తి సొమ్ము వాపసు ఇచ్చి, మీ ఖర్చుతోనే సెట్టును తీసుకెళ్లండి. ఆ పేజీలో "60 ఏళ్ల నాటి" అన్న మాట తీసేయించండి. ఇకపై ఇలాంటి ప్రతి వస్తువుకూ అడుగు ఫొటో, గ్రాముల్లో బరువు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగండి. ఫొటోకు ముందు చింతపండుతో తోమొద్దని కూడా అమ్మేవాళ్లకు చెప్పండి, తోమితే అసలు పాతవాటి ఆనవాళ్లూ పోతాయి.

పరీక్షల వీడియో, బిల్లు జతచేశాం. గడువులోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాం.

ఇట్లు,
సెట్టు కొన్న సేకర్తలు