ఏ బూడిదో చెప్పకుండా ‘బూడిద నుంచి జియోలైట్’ అంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదతో జియోలైట్ తయారుచేసి నీటిని శుద్ధి చేయొచ్చని మీ సైన్స్ పేజీలో చదివాను. ఇలాంటి వార్తలు ఇంకా రావాలి. కానీ అది ఏ బూడిద, అందులో ఏమేమి ఉన్నాయి, వాడేముందు దాన్ని ఏం చేశారు అన్నది మాత్రం అందులో లేదు, అసలు విషయమంతా అక్కడే ఉంది.

జియోలైట్ అంటే సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి అల్లుకున్న, అతి సన్నని రంధ్రాలుండే స్ఫటికం. ల్యాబ్‌లో సిలికా (సిలికాన్ ఆక్సైడ్), అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), క్షారం, నీళ్లు కలిపి జెల్ చేసి వేడి చేస్తారు. కాగితం మీద నిష్పత్తులు అచ్చంగా ఒకటే ఉన్నా, సిలికా దేని నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి స్ఫటికాల సైజు, పట్టే సమయం, ఒక్కోసారి ఏ జియోలైట్ వస్తుందన్నది కూడా మారిపోతుంది. సోడియం సిలికేట్‌లో సిలికా ముందే కరిగి ఉంటుంది, పొడి సిలికా నెమ్మదిగా కరుగుతుంది, కాబట్టి స్ఫటికాలు మొలకెత్తే వేళకి ద్రవంలో ఉన్నది రెండు చోట్లా ఒకటి కాదు. కొల్లాయిడల్ సిలికాలో (నీళ్లలో తేలియాడే అతి సన్నని సిలికా రేణువులు) కొన్ని రకాలను సోడియంతో, కొన్నిటిని అమ్మోనియాతో నిలకడగా ఉంచుతారు. ఆ సోడియాన్ని లెక్కలో వేయకపోతే నిష్పత్తే తప్పుతుంది. కయోలిన్ మట్టిలో సిలికాన్, అల్యూమినియం సమానంగా ఉంటాయి, అందుకే 600 డిగ్రీల పైన కాల్చి వాడితే జియోలైట్ ఎ అనే రకానికి బాగా సరిపోతుంది. అదే మట్టిని పచ్చిగా వేస్తే చాలాసార్లు సోడలైట్ అనే మరో స్ఫటికం వస్తుంది, దాని రంధ్రాలు మరీ చిన్నవి, చాలా పనులకు పనికిరాదు.

బూడిదతో చిక్కు ఇంకా ఎక్కువ. అందులో గాజులా ఉన్న భాగం క్షారంలో కరుగుతుంది గానీ క్వార్ట్జ్, ముల్లైట్ అనే స్ఫటిక ఖనిజాలు అంత సులువుగా కరగవు, చివరి పొడిలో అలాగే మిగిలిపోతాయి (ఆ పొడి మొత్తాన్నీ జియోలైట్ అనడం నాకు అస్సలు నచ్చదు). పైగా బొగ్గు మారితే బూడిదా మారుతుంది. ఇనుము, కాల్షియం ఎంతెంత ఉన్నాయో, ఆర్సెనిక్ లాంటివి ఏమైనా ఉన్నాయో చూడకుండా తాగునీటికి వాడొచ్చని రాయడం ప్రమాదం.

అంతర్జాతీయ జియోలైట్ సంఘం ప్రచురించిన తయారీ పద్ధతుల సంకలనంలో ప్రతి పద్ధతికీ ముడిపదార్థాలు ఏమిటో, ఎక్కడివో రాసి ఉంటుంది, ఇంకో ల్యాబ్‌లో చేసి సరిచూశాకే అందులో చేరుస్తారు. ప్రజల డబ్బుతో జరిగే పరిశోధనకు ఆ మాత్రం నియమం ఉండకూడదా? నిధులిచ్చే సంస్థలు ముడిపదార్థం రసాయన విశ్లేషణ, చివరి పొడిలో జియోలైట్ శాతం, నీటిలోకి ఏ లోహాలు విడుదలవుతున్నాయన్న పరీక్ష ఫలితం ఈ మూడూ నివేదికలో తప్పనిసరి చేయాలి. మీ విలేకరులు కూడా ఇకమీదట ఈ మూడూ అడిగి, దొరికిన జవాబు వార్తలో వేయండి, దొరక్కపోతే దొరకలేదనే రాయండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ పాఠకుడు