మస్తాన్‌కి, కడప నుంచి

ఒరేయ్ మస్తాన్,

నీ మెసేజ్ చూశాను. "తెలుగు ఎమ్మే చదువుతాండావు కదా, మంచి పుస్తకాలు ఓ పది చెప్పు, ఆదివారాలు చదువుకుంటా" అన్నావు. బెంగళూరులో ఆదివారం నువ్వు నిద్రలేచేదే పన్నెండుకని నాకు తెలీదనుకున్నావా? పది పేర్లు రాయడం క్షణంలో పని. కానీ రాయను. పంపితే ఫోన్‌లో దాచుకుని మర్చిపోతావు. అదీగాక, ఈ మధ్య లిస్టులంటే నాకే విరక్తి పుట్టింది.

మా క్లాసులో పుస్తకమంటే ముందు కవి పేరు, కాలం, బిరుదు, అంకితం ఎవరికి. లెక్చరర్ ఉద్యోగాలకి రాసే నెట్ పరీక్షలో అవే అడుగుతారు మరి. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఆశ్వాసాలు, అంటే అధ్యాయాలు, ఎన్ని అని అర్ధరాత్రి లేపి అడిగినా మావాళ్లు ఆరు అంటారు. ప్రవరుణ్ని ప్రేమించి భంగపడ్డ వరూధినిని చూస్తే మనకెందుకు జాలేస్తుంది అని అడిగితే మాత్రం గైడు వెతుక్కోవాలి. గైడులో దానికి జవాబు లేదు, నేను చూశాను.

నా రూమ్మేట్ గురించి చెప్పాను కదా, ఫిజిక్స్ వాడు, జమ్మలమడుగు పక్క పల్లె. వాళ్ల ఊళ్లో చెక్కభజన కడతాడు. ఒక రాత్రి కరెంటు పోయింది. చేసేదేం లేక నేను మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాన్ని చూసే "అటజని కాంచె" పద్యం పైకే చదువుతున్నా. ప్రతిపదార్థం బట్టీ పట్టిన పద్యమే, మార్కులు కూడా వచ్చాయి. చీకట్లో వాడు మంచం పట్టె మీద వేళ్లతో వాయించడం మొదలుపెట్టాడు. "ఆగు, మళ్లీ చదువు, దీంట్లో మద్దెల ఉంది" అన్నాడు. నిజంగానే ఉందిరా! కొండ మీద సెలయేళ్లు దూకుతుంటే ఆ అలల చప్పుడు మృదంగంలా ఉందని, దానికి నెమళ్లు ఆడుతున్నాయని పెద్దన అంటాడు. ఆ సంగతి నేను పరీక్షలో రాశాను, కానీ చెవికి ఎక్కలేదు. వాడికి తెలుగు కావ్యమంటే ఏమిటో తెలీదు, సమాసాల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా వినబడింది. తర్వాత నేను, ప్రవరుడు కాళ్లకి మహిమగల పసరు పూసుకుని హిమాలయానికి పోయిన కథ చెబుతుంటే, "మంచుకి కాలి పసరు కరిగిపోయిందా? అయితే ఇంటికెట్లా పోతాడు?" అని వాడికి ఒకటే టెన్షన్. ప్రవరుడి గురించి అంత కంగారు పడినవాణ్ని మా క్లాసులో నేను చూడలేదు.

ఇంకో తమాషా. రాయలు పెద్దనకిచ్చిన కోకటం అగ్రహారం మన కమలాపురం దగ్గరే. మేనెలలో అక్కడ రోడ్డు మీద నిలబడితే చెప్పులు అతుక్కుపోతాయి. ఆ ఎండకీ ఆ హిమాలయానికీ ఏమైనా చుట్టరికం ఉందా అని నవ్వొచ్చింది. ఆయన అక్కడే కూర్చుని మంచుకొండ రాశాడని కాదులే, ఊరికే.

అప్పట్నుంచి నాకు ఒక ఆలోచన పట్టుకుంది. పుస్తకం ఒక్కడే మూల కూర్చుని చదివే వస్తువు కాదేమో. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీకి పోయినప్పుడల్లా ఇది ఇంకా గట్టిగా అనిపిస్తుంది. తెలుగు నిఘంటువు రాసిన బ్రౌన్ దొర 1820లో కడపకి ఉద్యోగానికొచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకి జీతాలిచ్చి, ఊరూరా తాళపత్రాలు తెప్పించి, నకళ్లు రాయించి, తప్పులు దిద్దించాడు. మనుచరిత్రకీ, వసుచరిత్ర అనే ఇంకో కావ్యానికీ టీకలు, అంటే అర్థవివరణలు, రాయించాడు. ఎందుకంటావు? పక్కన కూర్చుని చెప్పేవాడు లేకపోతే ఆయనకి అర్థం కావు! ఇంగ్లీషువాడు కాబట్టి సిగ్గుపడకుండా అడిగాడు. మనం మన భాషే కదా అని అడగం, అందుకే మనకి తెలీదు. ఆ బంగళా పాడుబడ్డ చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి లైబ్రరీ లేపారు. అక్కడ చదువుకునేవాళ్లలో సగంమంది గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లే అనుకో. పోనీలే, ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

పరీక్షలంటే గుర్తొచ్చింది. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు కుర్రతనంలో 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశాడు కదా, తెలుగు పండితుల విద్వాన్ పరీక్షకి కూర్చుంటే అదే ఆయనకి పాఠ్యపుస్తకం! తన పద్యానికి తానే ప్రతిపదార్థం రాయాల్సి వస్తే ఎట్లా ఉంటుందో ఊహించు.

రా.రా. వ్యాసాలు కూడా చదువుతున్నా. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి, మనవాడే, మాస్కోలో అనువాదకుడిగా చేసొచ్చినాయన. అమ్మో, ఏం మొహమాటం లేని మనిషి! ఎంత పెద్ద రచయితైనా సరే, వాక్యం బాగాలేకపోతే వదలడు. చదువుతుంటే ఆయనతో పోట్లాడాలనిపిస్తుంది, రెండు మూడుచోట్ల పెన్సిల్‌తో పోట్లాడాను కూడా (నా సొంత కాపీలేరా, లైబ్రరీది కాదు). ఆయన వచ్చి జవాబు చెప్పడు కదా, అందుకని ఆ కోపమంతా రూమ్మేట్ మీద చూపిస్తున్నా. పాపం.

నీకు మాత్రం కేతు విశ్వనాథరెడ్డి కథలు. ఇది లిస్టు కాదు, ఒక్కటే పుస్తకం. 1996లో సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది, అందుకని కాదు చెప్పేది. ఆయన మన జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసినవాడు. ఊరి పేరు దగ్గరా కథ దగ్గరా ఆయనది ఒకటే చూపు. అరిచి చెప్పడు. సీమ కథంటే బాంబులు, తొడగొట్టడాలు అనుకునే నీ ఆఫీసు ఫ్రెండ్స్‌కి కూడా వినిపించు. అప్పులూ, వానరాని చేలూ, పార్టీల మధ్య నలిగే మామూలు రైతులూ కనిపిస్తారు. మీ నాయన శెనక్కాయ చేను వదిలేసి ఆటో కొన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడలేదని చెప్పావే, ఆ మౌనం ఆ కథల్లో ఉంది. ఒక కథ చదివి నీకు ఫోన్ చేయబోయి, నైట్ షిఫ్టేమోనని ఆగిపోయాను.

కాబట్టి నా బేరం ఇది. శనివారం మా చిన్నాన్న కొడుకు బెంగళూరు బస్సెక్కుతున్నాడు, వాడి చేతికి పుస్తకం ఇస్తున్నా, మెజెస్టిక్‌లో తీసుకో. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తా. ఒక కథ నువ్వు పైకి చదువు, ఇంకోటి నేను. నీ ఇంగ్లీషు మీడియం తెలుగుకి నేను నవ్వను, రూమ్మేట్ నవ్వితే నాకు సంబంధం లేదు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఎందుకు నచ్చలేదో కూడా చెప్పాలి. ఇంక, పేజీ మూలలు మడిచావో, నీకు కారం దోసె బాకీ ఉన్న సంగతి మర్చిపోతా.

మీ అమ్మకి నమస్తే చెప్పు.

నీ
సుబ్బు