తెలుగా, ఇంగ్లిషా అనే వాదనలో సవర పిల్లల మాటేమిటి?

సంపాదకుడిగారికి,

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం కావాలని కొందరు, తెలుగే ఉండాలని కొందరు గట్టిగా వాదించారు. ఇంట్లో ఈ రెండు భాషలూ మాట్లాడని పిల్లల గురించి మాత్రం పేజీ మొత్తంలో ఒక్క వాక్యమైనా లేదు. పేజీ మధ్యలో ఉన్నది గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటో! ఆయన పర్లాకిమిడిలో ఉండి, కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. సొంత డబ్బు ఖర్చుపెట్టి సవర పిల్లలకు బడులు నడిపారు, వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పుట్టినరోజు నాడే సవర పిల్లల ఊసు లేకపోవడం చూసి బాధా కలిగింది, కోపమూ వచ్చింది.

సీతంపేట ఏజెన్సీ ప్రాథమిక పాఠశాలల్లో చాలాకాలం పనిచేసినవాణ్ణి. ఒకప్పుడు ఒకటో తరగతిలో సవర పిల్లలు, మరో గిరిజన తెగ అయిన జాతాపుల పిల్లలు, దుకాణాలవాళ్ల పిల్లలు ఒకే చాప మీద కూర్చునేవారు. జాతాపుల ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా తెలుగే వినిపిస్తుంది. సవర పిల్లలకు అలా కాదు, బడిలో అడుగుపెట్టిన రోజు నుంచే వినబడేదంతా పరాయి మాట. లెక్కలే తీసుకోండి. సవర లెక్కలో పదమూడు అంటే పన్నెండూ ఒకటి, పద్నాలుగంటే పన్నెండూ రెండు. పంతొమ్మిది దాకా అంతే. మన పుస్తకంలో పదమూడంటే పదీ మూడు. పుల్లలను పన్నెండేసి కట్టలు కట్టిన ఒక పిల్లను ‘లెక్క రాదు’ అని వెనక వరుసకు పంపడం నా కళ్లతో చూశాను. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు లెక్కపెట్టినట్టే తానూ పెట్టింది. ఆ సంగతి తెలిసిన మనిషి తరగతిలో లేకపోవడమే తప్పు.

దీనికి మందు తెలియక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలోనే సవర, కువి, కోయ, గోండి, కొలామి, కొండ, లంబాడి, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారు చేయడం మొదలైంది. ముందు ఇంటి భాష, దాని మీదుగా తెలుగు, ఆ తర్వాత ఇంగ్లిషు అన్నది పద్ధతి. స్థానిక యువకులను భాషా వలంటీర్లుగా పెట్టారు. మా ప్రాంతంలో ఆ వలంటీర్లను ఏటా కొత్తగా తీసుకోవడం, బడి తెరిచిన చాలా నెలలకు గానీ ఉత్తర్వులు రాకపోవడం, వచ్చినా గౌరవ వేతనం అందకపోవడం అందరూ చూసినవే. ఈలోగా పిల్లల ఏడాది గడిచిపోతుంది.

2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం పెట్టాలంటూ 81, 85 నంబర్ల జీవోలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేస్తే రాష్ట్రమంతా చర్చ జరిగింది. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 22న, ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల భాష తెలిసిన టీచరు బడిలో ఉండే దారి అలా మూసుకుపోయింది. దాని గురించి మన్యంలో తప్ప బయట పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. సవర పిల్లకు ఆ రెండు పేజీల్లోనూ చోటు లేదు.

నేను ఇంగ్లిషుకు వ్యతిరేకిని కాను. కూలి చేసి పిల్లను చదివించే తల్లి ఇంగ్లిషు కావాలంటే కాదనే హక్కు నాకెక్కడిది? కానీ బోర్డు మార్చినంత మాత్రాన బడి మారలేదు. దుకాణాలవాళ్ల పిల్లలు ఎప్పుడో ప్రైవేటు బడి వ్యాన్లెక్కారు. కాస్త స్తోమతున్న గిరిజన ఉద్యోగుల పిల్లలూ వాళ్ల వెనకే వెళ్లారు. అందరూ కలిసి చదివిన బడి ఇప్పుడు వేరే దిక్కులేని పిల్లల బడి అయింది. పైగా 2022లో 117వ నంబరు జీవో పేరిట మూడు, నాలుగు, అయిదు తరగతులను దూరపు బడుల్లో కలపబూనారు. కొండ మీది పల్లెకు కిలోమీటరంటే ఎంతో అమరావతిలో ఫైలు రాసేవారికి ఎవరు చెప్పాలి?

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంటోంది. కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఏజెన్సీలో ఒకటి, రెండు తరగతులకు వేసే టీచరుకు అక్కడి పిల్లల భాష వచ్చి తీరాలన్న నిబంధన పెట్టండి. భాషా వలంటీర్లను జూన్‌లో బడి తెరిచే రోజుకే నియమించి, నెలనెలా జీతమివ్వండి. మాధ్యమం మీద మళ్లీ ప్రత్యేక పేజీ వేసే ముందు, మీ విలేకరిని కొండ మీది ఏదైనా ఒకటో తరగతిలో ఒక పూట కూర్చోమనండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పార్వతీపురం మన్యం జిల్లా